ఆటు అమ్మది, పోటు నాది

ముందు నిలబడటం నేర్చుకో రాడ్కా,
ఎగరడం తరవాత.
నడుం లోతు నీళ్లలో, గాలికి వీపిచ్చి
మడమల్ని ఇసకలోకి దిగనియ్యి.
గాలిని కళ్లతో వెతక్కు,
చెవుల వెనక చల్లగా తగుల్తోందే, అదీ కస్కాజీ.
డిసెంబరు నుంచి మార్చి దాకా
మాకు అన్నం పెట్టే గాలి.

ఈ పట్టీ బిగించు. ఇంకా.
ఇదిగో ఈ ఎర్ర పిడి, దీన్ని గుర్తుపెట్టుకో.
భయమేస్తే ముందుకు తొయ్యి,
ఆకాశంలో అంత పొగరుగా ఉన్న కైటు
అలిగిన పిల్లలా వచ్చి నీళ్లమీద పడుకుంటుంది.
సిగ్గుపడకు. నేను నూటికి పైగా తోశాను.

ఎటైనా పో. అటు మాత్రం వద్దు,
ఆ పుల్లల కొసలు కనబడుతున్న వైపు.
అది సముద్రం కాదు,
మా అమ్మ చేను.

పొద్దున వచ్చుంటే చూసేదానివి.
నీళ్లు పగడపు దిబ్బ దాకా వెనక్కెళ్లిపోయాక
అమ్మ, బీ టాటు, బీ మ్సిమూ, ఇంకో పదిమంది
రంగు రంగుల కంగాలు మోకాళ్లపైకి దోపి
తడి ఇసకలో కూర్చుని ముళ్లేస్తుంటారు.
తాడుకి అరవై నాచు మొలకలు,
మొలకకో ముడి.
నీ టూత్‌పేస్టులో జిగురు ఆ ముళ్లలోంచి వచ్చిందే కావచ్చు.
ఈ మధ్య నీళ్లు వేడెక్కి
నాచు తెల్లగా పాలిపోయి తుంపులు తుంపులుగా రాలుతోంది.
అయినా ముళ్లేస్తారు.
మధ్యాహ్నానికి నీళ్లొస్తాయి, వాళ్లు ఒడ్డెక్కుతారు,
నేను దిగుతాను.
ఒకే మడుగు. ఆటు అమ్మది, పోటు నాది.
ఇద్దరం ఎదురుపడేది గట్టు మీదే,
ఆమె గంప నేను దించుతాను,
నా కైటు కొస ఆమె పట్టుకుంటుంది.

నిరుడు ఒకాయన, నీ అంత తేలిక కాదు,
చెబితే వినలేదు, పడ్డాడు. సరిగ్గా చేను మధ్యలో.
నాలుగు తాళ్లూ పుల్లలకి చుట్టుకుని
నాచుతో కలిసి జడలు కట్టాయి.
ఆయన అక్కణ్నుంచే ధర అరుస్తున్నాడు,
కైటు ధర, తాళ్ల ధర, యూరోల్లో.
చేతిలో కత్తి ఉంది నాకు.
ఏ తాడు కొయ్యాలి?
నీళ్లు నమిలాను. ఉప్పు నీళ్లే.

అమ్మ దిగింది.
పాతికేళ్లుగా ఈ నీళ్లలో పని, ఆమెకి ఈత రాదు.
పోటు అప్పటికే గుండెల దాకా ఉంది.
కత్తి నా చేతిలోంచి తీసుకుని
తన తాళ్లే కోసింది, ఒకటి, రెండు, ఐదు.
కోసిన నాచు మాకు తెలిసిన దారినే
దిబ్బ వైపు తేలిపోయింది.

"నాది ముడేస్తే అతుకుతుందిరా మకామే," అంది,
"వాళ్లది ముడేస్తే ఎగరదు కదా."

సాయంత్రం ఆయన తడిసిన నోటు తెచ్చిచ్చాడు, పెద్దదే.
అమ్మ కాదనలేదు.
వేళ్లమీద లెక్కేసింది, పదకొండు కిలోలు, కిలోకింత,
లోపలికెళ్లి డబ్బాలోంచి
చిల్లర తెచ్చి ఆయన అరచేతిలో పోసింది.
ఆ చిల్లర పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు పాపం.

ఆ రాత్రి చేపల పులుసు వడ్డిస్తూ అడిగింది:
"పైకి లేస్తావు కదా, అక్కణ్నుంచి నా చేను ఎలా ఉంటుంది?"
ఎప్పుడూ అడగలేదు అంతకుముందు.
నల్లటి గీతలు, అన్నాను, కాపీ పుస్తకంలో లాగా.
ఒక్క వరస మాత్రం వంకర.
"ఏది?"
దక్షిణం నుంచి నాలుగోది.
మాట్లాడలేదు. గిన్నె అడుగు గీకి నాకే వేసింది.

తెల్లారి ఆటుకి వెళ్లి చూస్తే
నాలుగో వరస పుల్లలన్నీ పీకి
మళ్లీ పాతుతోంది, ఒంటికన్ను మూసి.

సరే, గాలి లేచింది.
పిడి వదులుగా పట్టుకో, మోకాళ్లు వంచు.
ఇవాళ కాదులే, ఎప్పుడో ఒకరోజు
నీళ్లు నిన్ను వదిలేస్తాయి, రెండు మూడు క్షణాలు.
అప్పుడు అరవకు. కిందకి చూడు.
నాలుగోది తిన్నగా ఉందో లేదో
వచ్చి చెప్పు. నేను చెబితే
కొడుకు గదా, నమ్మట్లేదు.